నాన్న ఎక్కడికెళ్ళాడో ఎవరూ చెప్పలేదు

ఫైట్లు లేవు. విలన్ లేడు. లవ్ ట్రాక్ అసలే లేదు. ముగ్గురు పిల్లలు, ఒక అమ్మ, ఊరవతల ఒక చిన్న రైల్వే స్టేషన్. 1970లో వచ్చిన ‘ది రైల్వే చిల్డ్రన్’ అనే బ్రిటిష్ సినిమాలో ఉన్నది ఇంతే. అయినా ఆఖరి ఐదు నిమిషాల్లో ఏడిపించేస్తుంది.

పోయిన నెల ఒక శుక్రవారం రాత్రి మా టీమ్‌కి రిలీజ్ ఉంది. నా పని పదింటికే అయిపోయింది కానీ, రెండింటి దాకా కాల్‌లోనే ఉండాలి. ఖాళీగా కూర్చోలేక పక్కన ఫోన్‌లో ఏదో ఒకటి పెట్టుకుందామనుకున్నా. ఎప్పుడో ఎవరో చెప్తే లిస్టులో వేసుకున్న సినిమా కనపడింది. ‘పిల్లల సినిమా కదా, ఒక చెవి కాల్ మీద పెట్టి చూసేయొచ్చు’ అనుకున్నా. గంటన్నర తర్వాత మేనేజర్ నన్ను రెండుసార్లు పిలిచాడట. నేను మ్యూట్‌లో ఉన్నాను. కళ్ళు తుడుచుకుంటున్నాను.

ఒక పిల్లల సినిమాకి ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి ఎందుకు ఏడుస్తాడు? ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ రాసిందే ఇది.

కథ ఏంటంటే

1905 ప్రాంతం. లండన్‌లో ఒక కలిగిన కుటుంబం. నాన్నది ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం. ఇంట్లో పనివాళ్ళు, బొమ్మలు, పండగలు, దేనికీ లోటు లేదు. పెద్దమ్మాయి రాబర్టా, ఇంట్లో అందరూ బాబీ అంటారు. తర్వాత పీటర్, ఫిలిస్.

క్రిస్మస్ రోజుల్లో ఒక రాత్రి ఇద్దరు మనుషులు ఇంటికొస్తారు. గది తలుపు మూసుకుంటుంది. లోపల గొంతులు పెరుగుతాయి. కాసేపటికి నాన్న వాళ్ళతో వెళ్ళిపోతాడు, పిల్లలకి ఒక్క మాట కూడా చెప్పకుండా. అమ్మ ముఖం పాలిపోయి ఉంటుంది. ‘నన్ను ఏమీ అడగొద్దు, మీరు మంచిగా ఉండండి చాలు’ అన్నది ఆమె మాటల సారాంశం.

అంతే. ఆ తర్వాత పనివాళ్ళు వెళ్ళిపోతారు, సామాన్లు సర్దేస్తారు, లండన్ ఇల్లు వదిలేసి యార్క్‌షైర్ కొండల మధ్య ఒక పాత ఇంటికి మారిపోతారు. ఆ ఇంటి పేరు ‘త్రీ చిమ్నీస్’. అమ్మ పగలూ రాత్రీ కూర్చుని కథలు రాసి పత్రికలకి పంపుతుంది. ఆ డబ్బులే ఆధారం. పిల్లలకి బడి లేదు, చేయడానికి పని లేదు. కొండ కింద రైలు పట్టాలు కనపడతాయి. పరిగెత్తుకుంటూ అక్కడికి పోతారు. ఆ రైలే వాళ్ళ లోకం అయిపోతుంది.

రోజూ ఉదయం వెళ్ళే ఒక రైలుకి చేతులూపుతారు. అందులో ఒక పెద్దాయన కిటికీ దగ్గర కూర్చుని తిరిగి చెయ్యూపుతాడు. ఆయన పేరేంటో సినిమా చివరి దాకా మనకి తెలీదు. ‘ముసలి పెద్దమనిషి’, అంతే. మనం కూడా పండక్కి ఊరెళ్తున్నప్పుడు పట్టాల పక్కన పిల్లలు టాటా చెప్తూ కనపడతారు కదా. మనం చెయ్యూపినా ఊపకపోయినా వాళ్ళు ఊపుతూనే ఉంటారు. ఆ ఊపడం మీద కథంతా నడిపించొచ్చని ఎప్పుడైనా అనుకున్నామా?

అడిగితే తప్పేంటి?

పైకి చూస్తే ఇది చిన్న చిన్న సంఘటనల సినిమా. బొగ్గు దొంగతనం, పుట్టినరోజు, కొండచరియ. కానీ రెండోసారి చూసినప్పుడు ఒక సంగతి గమనించా. దాదాపు ప్రతి సంఘటనా ఒకే విషయం చుట్టూ తిరుగుతుంది: కష్టం వచ్చినప్పుడు బయటివాళ్ళని సాయం అడగొచ్చా, లేదా?

ఇంట్లో చలి. అమ్మ బొగ్గు పొదుపుగా వాడమంటుంది. పీటర్ స్టేషన్ యార్డులో ఉన్న బొగ్గు కుప్పలోంచి కొంచెం కొంచెం తెస్తాడు. దానికి ‘గని తవ్వకం’ అని పేరు పెట్టుకుంటాడు, దొంగతనం అని తనకే అనిపించకుండా ఉండడానికి. చివరికి దొరికిపోతాడు. అడిగితే ఇస్తారేమో అన్న ఆలోచనే ఆ ఇంట్లో ఎవరికీ రాదు. ఎందుకంటే అడగకూడదు. అది పరువు.

తర్వాత అమ్మకి బాగా జ్వరం వస్తుంది. డాక్టర్ చెప్పిన బలమైన ఆహారం కొనడానికి డబ్బుల్లేవు. ఈసారి పిల్లలు ఊరుకోరు. దుప్పటి మీద పెద్ద అక్షరాలతో రాసి రైలుకి చూపిస్తారు, స్టేషన్‌లో ఆ పెద్దాయన చేతికి ఒక ఉత్తరం అందేలా చేస్తారు. సాయంత్రానికి బుట్ట నిండా కావలసినవన్నీ వస్తాయి. అమ్మ కోలుకుంటుంది. విషయం తెలిశాక మాత్రం ఆమెకి ఎంత కోపం వస్తుందంటే, పిల్లలు బిక్కచచ్చిపోతారు. మన ఇంటి సంగతులు పరాయివాళ్ళకి చెప్తారా, ఇంకెప్పుడూ ఇలా చేయొద్దు అని. కోప్పడి, తనూ ఏడ్చేస్తుంది. ఈ సీన్ చూస్తుంటే ఇంగ్లిష్ వాళ్ళ ఇల్లులా అనిపించదు. మన పక్కింట్లో జరుగుతున్నట్టే ఉంటుంది.

ఇక స్టేషన్ పోర్టర్ పెర్క్స్. పేదవాడు, పిల్లల తండ్రి, నోటికెంత వస్తే అంత మాట్లాడతాడు, మనసు వెన్న. అతని పుట్టినరోజని తెలిసి పిల్లలు ఊరంతా తిరిగి కానుకలు పోగు చేస్తారు. అవి చూసి పెర్క్స్ మండిపడతాడు. ‘నాకు దానధర్మాలు అక్కర్లేదు’ అని. అప్పుడు బాబీ ఒక్కో వస్తువూ ఎవరు ఇచ్చారో, ఇస్తూ అతని గురించి ఏమన్నారో చెప్పుకుంటూ పోతుంది. అవి జాలితో ఇచ్చినవి కావు, గౌరవంతో ఇచ్చినవి. పెర్క్స్ ముఖం మెల్లగా మారుతుంది. బెర్నార్డ్ క్రిబిన్స్ ఆ పాత్రలో నటించలేదు, బతికేశాడు. బ్రిటన్‌లో ఆయన్ని ఇప్పటికీ ఎక్కువమంది గుర్తుపెట్టుకున్న పాత్రల్లో ఇదొకటి.

దానం వేరు, అభిమానం వేరు. ఈ తేడాని ఒక పుట్టినరోజు సీన్‌లో ఇంత సులువుగా చెప్పిన సినిమా ఇంకోటి నేనైతే చూడలేదు.

రాసినావిడకి ఇవన్నీ తెలుసు

సినిమాకి మూలం ఈడిత్ నెస్బిట్ నవల. 1905లో లండన్‌లో ఒక పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1906లో పుస్తకం అయింది. మన వారపత్రికల్లో సీరియల్ చదివి వారం వారం ఎదురుచూసిన అమ్మమ్మల తరం ఉంది కదా, అచ్చం అలాగే.

నెస్బిట్ 1858లో పుట్టింది. నాలుగేళ్ళు నిండకముందే తండ్రి పోయాడు. తండ్రి లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్ళైన కొత్తలోనే భర్త హ్యూబర్ట్ బ్లాండ్ మశూచితో మంచాన పడ్డాడు, అతని వ్యాపారం కూడా చేజారింది. అప్పుడు ఇల్లు గడిపింది ఆమె కలమే. కథలు, పద్యాలు రాసి అమ్మింది, గ్రీటింగ్ కార్డులకి బొమ్మలు వేసింది. సినిమాలో అమ్మ రాత్రిళ్ళు దీపం దగ్గర కూర్చుని రాస్తుంటే, అది ఊహించి రాసిన సీన్ కాదు. నవలలో అమ్మ కథ ఎవరైనా ఎడిటర్ తీసుకుంటే ఆ రోజు టీలోకి బన్నులు వస్తాయి. శాలరీ క్రెడిట్ అయిన రోజు బిర్యానీ ఆర్డర్ చేసుకునే మనకి ఆ బన్నుల విలువ తెలుసు.

భార్యాభర్తలిద్దరూ 1884లో మొదలైన ఫేబియన్ సొసైటీ వ్యవస్థాపక సభ్యుల్లో ఉన్నారు. విప్లవం లేకుండా, మెల్లగా, చట్టాల ద్వారా సమాజాన్ని మార్చాలన్న సోషలిస్టుల సంఘం అది. మన మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనీ బిసెంట్ కూడా ఇండియాకి రాకముందు ఇదే సంఘంలో పనిచేసింది. పేదవాడికి కావలసింది జాలి కాదు, గౌరవం అని పెర్క్స్ చేత చెప్పించిన రచయిత్రి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది.

కథలో ఒక రష్యన్ కూడా వస్తాడు. చలికి వణుకుతూ, జబ్బుపడి, ఎవరికీ అర్థంకాని భాష మాట్లాడుతూ స్టేషన్‌లో దిగుతాడు. పేదల గురించి పుస్తకం రాసినందుకు జార్ ప్రభుత్వం సైబీరియాకి పంపిన మనిషి. తప్పించుకుని, భార్యాబిడ్డల్ని వెతుక్కుంటూ ఇంగ్లండ్ చేరతాడు. అమ్మ అతన్ని తన ఇంట్లోనే ఉంచుకుంటుంది. ఇంట్లో తినడానికి లేకపోయినా సరే. ఆ రోజుల్లో లండన్‌లో తలదాచుకున్న క్రొపోట్కిన్, స్టెప్నియాక్ లాంటి రష్యన్ ప్రవాసులతో నెస్బిట్‌కి పరిచయం ఉంది. ఇందులో స్టెప్నియాక్ 1895లో లండన్‌లో పట్టాలు దాటుతూ రైలు కింద పడి చనిపోయాడు. పదేళ్ళ తర్వాత ఆమె రాసిన రైలు కథలో ఒక రష్యన్ ప్రవాసికి రైల్వే స్టేషన్‌లోనే ఆదరణ దొరుకుతుంది. కావాలని అలా రాసిందని నేను అనను. కానీ చదివాక తల్లోంచి పోదు.

కూతురి పుస్తకం, నాన్న సినిమా

సినిమా తీసింది లయొనెల్ జెఫ్రీస్. అప్పటిదాకా ఆయన నటుడు. బట్టతల, గుబురు మీసం, కామెడీ పాత్రలు. ‘చిటీ చిటీ బ్యాంగ్ బ్యాంగ్’ చూసినవాళ్ళకి తాతయ్య పాత్రలో గుర్తుంటాడు. కూతురు చదువుతున్న పుస్తకం తీసుకుని చదివి, దీన్ని సినిమాగా తీయాల్సిందే అనుకున్నాడు. స్క్రిప్ట్ తనే రాసుకున్నాడు. అప్పుడు ఎల్‌స్ట్రీ స్టూడియోలో నిర్మాణ బాధ్యతలు చూస్తున్న బ్రయాన్ ఫోర్బ్స్, ‘నువ్వే డైరెక్ట్ చెయ్’ అని అవకాశం ఇచ్చాడు. నలభై దాటాక దర్శకుడిగా మొదటి సినిమా. 1970 డిసెంబర్‌లో, సరిగ్గా క్రిస్మస్ ముందు విడుదలైంది.

ఆ కాలం గుర్తు తెచ్చుకోండి. లండన్‌లో హిప్పీలు, రాక్ సంగీతం, సెన్సార్‌తో గొడవపడే సినిమాలు. అలాంటప్పుడు పెటీకోట్లు వేసుకున్న పిల్లలు రైలుకి చేతులూపే సినిమా తీస్తానంటే ఎవరైనా ‘సరేలే’ అని నవ్వుతారు. కానీ జనం వెళ్ళారు. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆ శతాబ్దంలో వచ్చిన వంద మేటి బ్రిటిష్ సినిమాల జాబితా వేస్తే ఇది 66వ స్థానంలో నిలిచింది.

బాబీగా చేసిన జెన్నీ అగటర్‌కి అప్పుడు 17 ఏళ్ళు. అంతకు రెండేళ్ళ ముందే, 1968లో, బీబీసీ టీవీ సీరియల్‌లో అదే పాత్ర చేసింది. ఇక మీమ్ మెటీరియల్ ఏంటంటే, ఆమెకి చెల్లెలుగా పదకొండేళ్ళ పిల్ల ఫిలిస్ పాత్ర వేసిన శాలీ థామ్‌సెట్ వయసు 20! అక్క కంటే చెల్లెలే పెద్దది. షూటింగ్ రోజుల్లో అసలు వయసు బయటికి పొక్కకుండా చూసుకోమని ఆమెకి గట్టిగా చెప్పారట. సినిమా చూస్తున్నంతసేపూ నాకు అనుమానం కూడా రాలేదు.

అమ్మగా చేసిన డైనా షెరిడన్‌ది ఇంకో కథ. 1953లో ‘జెనెవీవ్’తో పెద్ద హిట్ కొట్టింది. తర్వాత పెళ్ళి చేసుకుని ఏళ్ళ తరబడి సినిమాలకి దూరమైంది. ఆ విరామం తర్వాత వచ్చిన పాత్ర ఇది. ఒక్క సీన్‌లో కూడా గొంతు పెంచి ఏడవదు. పిల్లలు గదిలోంచి వెళ్ళాక ఆమె భుజాలు కొంచెం వంగుతాయి, అంతే. అదే చాలు.

ఊరివాళ్ళు కాపాడుకున్న రైలు

షూటింగ్ జరిగింది యార్క్‌షైర్‌లోని కీత్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వే మీద. మొత్తం కలిపి ఎనిమిది కిలోమీటర్లు ఉండే బుల్లి లైన్. 1867లో అక్కడి మిల్లుల కోసం వేశారు. 1962కల్లా ప్రభుత్వ రైల్వే దాన్ని మూసేసింది. నష్టాల్లో ఉందని చెప్పి చిన్న లైన్లన్నీ మూసేస్తున్న కాలం అది. అక్కడి జనం ఒప్పుకోలేదు. సంఘం పెట్టుకుని, చందాలు వేసుకుని, సెలవు రోజుల్లో వాళ్ళే పట్టాలు బాగుచేసుకుని, 1968 జూన్‌లో మళ్ళీ రైలు నడిపారు. ఇవాళ్టికీ దాన్ని నడిపేది ఎక్కువగా వాలంటీర్లే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కంపెనీ వదిలేసిన ప్రాజెక్టుని యూజర్లే ఫోర్క్ చేసి నడుపుకున్నట్టు.

రెండేళ్ళకే అక్కడికి కెమెరా వచ్చింది. ఓక్‌వర్త్ స్టేషన్ సినిమాలో తన పేరుతోనే కనపడుతుంది. సొరంగం సీన్లు దగ్గర్లోని మైథోమ్స్ సొరంగం దగ్గర తీశారు. డాక్టర్ ఇల్లుగా చూపించింది హావర్త్‌లో బ్రాంటే అక్కచెల్లెళ్ళ ఇల్లు. ‘జేన్ ఐర్’, ‘వుదరింగ్ హైట్స్’ పుట్టిన చోటు. సినిమా వచ్చాక ఆ లైన్‌కి జనం పోటెత్తారు. ఓక్‌వర్త్ స్టేషన్‌ని ఇప్పటికీ ఆ కాలం నాటి రూపంలోనే ఉంచారు.

అందరికీ గుర్తుండే సీన్ కూడా పట్టాల మీదే. కొండచరియ విరిగి చెట్లతో సహా పట్టాలకి అడ్డంగా జారిపోతుంది. రైలు వచ్చేస్తోంది. అక్కాచెల్లెళ్ళు లోపల వేసుకున్న ఎర్ర పెటీకోట్లు విప్పి, చింపి, కర్రలకి కట్టి జెండాల్లా ఊపుతారు. ఇంజన్ అంగుళం అంగుళం దగ్గరవుతుంటే బాబీ పట్టాల మధ్య నుంచి కదలదు. రైలు ఆగుతుంది. బాబీ సొమ్మసిల్లి పడిపోతుంది.

దీనికో కొసమెరుపు ఉంది. సినిమా విడుదలైన నలభై ఏళ్ళకి బ్రిటన్ సెన్సార్ బోర్డుకి ఒక ఫిర్యాదు వచ్చింది. ఈ సినిమా చూసి పిల్లలు పట్టాల మీద ఆడుకుంటారేమో అని! వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. బోర్డు కూడా అలాంటి ప్రమాదం పెద్దగా లేదని తేల్చేసింది. ఆ సంగతి 2013లో పేపర్లకెక్కి అక్కడంతా నవ్వుకున్నారు.

అసలు సీన్ ఇక్కడుంది

ఇక్కడినుంచి స్పాయిలర్లే. సినిమా చూశాకే చదువుతానంటే ఇప్పుడే ఆపేయండి, ఏమీ అనుకోను.

సొరంగంలో కాలు విరిగిన ఒక కుర్రాడిని పిల్లలు కాపాడి ఇంటికి తెస్తారు. అతనికి చదువుకోడానికి ఏమైనా పత్రికలు కావాలని బాబీ పెర్క్స్‌ని అడుగుతుంది. అతను పాత పత్రికలు కట్ట కట్టి, మీద ఒక పాత న్యూస్‌పేపర్ చుట్టి ఇస్తాడు. ఆ చుట్టిన కాగితం మీద బాబీ కళ్ళు పడతాయి. నాన్న పేరు. దేశ రహస్యాలు రష్యాకి అమ్మాడని కేసు. విచారణ. శిక్ష. నవలలో అయితే ఐదేళ్ళు.

నాన్న ఊరెళ్ళలేదు. జైల్లో ఉన్నాడు.

ఈ కేసు గాల్లోంచి పుట్టలేదు. 1894లో ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే యూదు సైనికాధికారి మీద, జర్మనీకి రహస్యాలు అమ్మాడని తప్పుడు కేసు పెట్టి దీవాంతరం పంపారు. యూరప్ అంతా రెండుగా చీలి కొట్టుకున్న కేసది. చివరికి 1906లో నిర్దోషి అని తేలింది. నెస్బిట్ నవల పుస్తకంగా వచ్చిన ఏడాదే.

కానీ నన్ను కదిలించింది కేసు కాదు. ఆ కాగితం చదివాక బాబీ చేసే పని. తమ్ముడికీ చెల్లెలికీ చెప్పదు. ఏడ్చిన ముఖంతో గదిలోకి వెళ్ళిపోతుంది. అమ్మ వచ్చాక ఆ కాగితం చూపిస్తుంది. ఇద్దరూ పట్టుకుని కూర్చుంటారు. నెలల తరబడి అమ్మ ఒక్కతే మోసిన బరువుని ఇప్పుడు ఇద్దరు మోస్తున్నారు. ఆ ఒక్క నిమిషంలో బాబీ పెద్దదైపోతుంది.

నా వల్ల అది కాలేదు.

బీటెక్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు మా నాన్న ఉద్యోగం పోయింది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను హాస్టల్లో ఉన్నా. ఫోన్ చేస్తే నాన్న ఎప్పుడూ ఇంట్లోనే ఉండేవాడు, ‘ఈరోజు లీవు పెట్టాను రా’ అనేవాడు. దసరా సెలవులకి వెళ్తే అమ్మ చేతికి రోజూ ఉండే రెండు గాజులు లేవు. ‘మెరుగు పెట్టించడానికి ఇచ్చా’ అంది. స్కాలర్‌షిప్ కోసం ఇన్‌కమ్ సర్టిఫికెట్ వెతుకుతూ బీరువా సొరుగు తీస్తే బంగారం తాకట్టు రసీదు దొరికింది. తేదీ చూశా. నా సెమిస్టర్ ఫీజు కట్టిన ముందురోజు.

రసీదు ఎలా ఉందో అలాగే మడిచి లోపల పెట్టేశా. ఏమీ ఎరగనట్టు అన్నానికి కూర్చున్నా. వాళ్ళు నాకు తెలీదనుకుంటున్నారు, నేను తెలీనట్టు ఉంటున్నా. ఏడాది తర్వాత నాన్నకి ఇంకో ఉద్యోగం దొరికింది, గాజులు తిరిగొచ్చాయి, నాకు క్యాంపస్‌లో జాబ్ వచ్చింది. ఆ రసీదు గురించి మాత్రం ఎనిమిదేళ్ళుగా ఎవరం మాట్లాడుకోలేదు. మా ముగ్గురిలో ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. అందరం ప్రేమతోనే దాచాం. కానీ ఆ ఏడాది ముగ్గురం ఒకే ఇంట్లో మూడు గదుల్లో ఉన్నట్టు ఉన్నాం.

ఒక ఉత్తరం, ఒక ప్లాట్‌ఫారం

నిజం తెలిశాక బాబీ ఇంకో పని కూడా చేస్తుంది. అమ్మ వద్దన్న పనే. రైలు పెద్దాయనకి ఉత్తరం రాస్తుంది. మా నాన్న ఆ తప్పు చేయలేదు, మీరేమైనా చేయగలరా అని. ఈసారి అడుగుతున్నది బుట్టెడు సరుకులు కాదు, నాన్ననే.

ఒకరోజు పొద్దున పాఠాలమీద మనసు నిలవక ఒంటరిగా స్టేషన్‌కి నడిచి వెళ్తుంది. దారిలో అందరూ ఏదో తెలిసినట్టు నవ్వుతుంటారు. పెర్క్స్ కూడా సంతోషంగా ఉంటాడు. ఆమెకి అర్థం కాదు. రైలు వస్తుంది, ఆగుతుంది, ప్లాట్‌ఫారం అంతా తెల్లటి ఆవిరి. దిగాల్సినవాళ్ళు దిగి వెళ్ళిపోతారు. ఆవిరి మెల్లగా తేలిపోతుంటే మధ్యలో ఒక మనిషి నిలబడి ఉంటాడు. కోటు, టోపీ, కదలకుండా. బాబీ ఒక్క క్షణం చూస్తుంది. నాన్నా అని అరుస్తూ పరిగెడుతుంది.

ఆ సీన్‌లో డైలాగ్ అంటే ఆ పిలుపే. జెన్నీ అగటర్ ఆ తర్వాత ఎన్నో సినిమాలు చేసింది, హాలీవుడ్‌కీ వెళ్ళింది. అయినా బ్రిటన్‌లో చాలామందికి ఆమె ఆ పిలుపే. 2000లో వచ్చిన టీవీ సినిమాలో ఆమే అమ్మ పాత్ర వేసింది. 2022లో వచ్చిన సీక్వెల్‌లో బాబీగానే, కానీ అమ్మమ్మగా, మళ్ళీ అదే ఓక్‌వర్త్‌కి వచ్చింది. ఒకే కథలో మూడు తరాలు నటించడం ఎంతమందికి కుదురుతుంది?

తర్వాత జెఫ్రీస్ చేసిన పని నాకు ఇంకా నచ్చింది. నాన్న ఇంటికి నడుస్తాడు, లోపలికి వెళ్తాడు. కెమెరా వెనకాల వెళ్ళదు. అమ్మానాన్నా ఎలా కలుసుకున్నారో మనకి చూపించరు. అది వాళ్ళ సంగతి, మనకి అనవసరం అన్నట్టు బయటే ఆగిపోతుంది. రెండు గంటలపాటు దాచడం తప్పని చెప్పినట్టున్న సినిమా, ఆఖర్లో కొన్ని విషయాలు ఇంటివాళ్ళకే వదిలేయాలని కూడా చెప్తుంది. మన సినిమా అయితే అక్కడ కనీసం ఒక పాట పడేది.

లోపాల్లేవా అంటే ఉన్నాయి. మొదటి అరగంట నెమ్మదిగా నడుస్తుంది, రీల్స్ స్పీడుకి అలవాటుపడ్డ వేలు స్క్రీన్ మీద తచ్చాడుతుంది. కాలు విరిగిన కుర్రాడు సరిగ్గా ఆ పెద్దాయన మనవడే అవడం మరీ సినిమాటిక్. ఇంకో ప్రశ్న కూడా ఉంది. రైల్లో అంత పలుకుబడి ఉన్న పెద్దమనిషి లేకపోతే? పెర్క్స్ మీద ఇదే కేసు పడితే ఎవరు విడిపిస్తారు? న్యాయం దొరకడానికి ఎవరో పెద్దాయన తెలిసుండాలి అన్నది 1905లో ఇంగ్లండ్‌లో ఎంత నిజమో మనకి ఇవాళా అంతే నిజం. సినిమా ఆ ప్రశ్న దగ్గరికి వెళ్ళదు. నవలా పెద్దగా వెళ్ళదు.

అయినా చూడండి. ముఖ్యంగా ఇంటికి దూరంగా ఉండి, ఫోన్‌లో ‘అంతా బాగానే ఉందమ్మా’ అని రోజూ అబద్ధం చెప్పేవాళ్ళు చూడండి. లేఆఫ్ మెయిల్ వచ్చినా ఇంట్లో చెప్పకుండా పొద్దున్నే బ్యాగ్ వేసుకుని కేఫ్‌లో కూర్చునేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ అమ్మానాన్నా ఏవేం దాస్తున్నారో వాళ్ళకి తెలీదు.

మర్నాడు పొద్దున అమ్మకి ఫోన్ చేశా. టిఫిన్ చేశావా, వర్షం పడుతోందా, అన్నీ అయ్యాక అడిగా. ‘అమ్మా, నా సెకండియర్‌లో గాజులు తాకట్టు పెట్టారు కదా.’ అటువైపు మిక్సీ ఆగింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

‘నీకెట్లా తెలుసు?’

‘రసీదు చూశా.’

‘పరీక్షలున్నాయి కదరా అప్పుడు. అందుకే.’ ఇంకొంచెం ఆగి, ‘మరి నువ్వెందుకు అడగలేదు?’ అంది.

నా దగ్గర జవాబు లేదు. ‘నాన్నకియ్యి’ అన్నా. నాన్న ఫోన్ తీసుకుని ఎప్పట్లాగే బండి సర్వీసింగ్ చేయించావా అని అడిగాడు. చేయించలేదని నిజం చెప్పా.